మాటలు మోసిన రాకుమారుడు

అనగా అనగా, సముద్రాలు ఇప్పటికన్నా మెత్తగా ఉండే కాలంలో, ఒక రాజుగారు ఉండేవాడు. ఆయన పేరు కేతువర్మ. రాణిగారి పేరు మందారవల్లి. వాళ్ళ రాజ్యం నీలికోన. అక్కడ పొద్దున్నే మబ్బులు వీధుల్లోకి దిగి, గడపల ముందు కాసేపు కూర్చుని, ఎండెక్కాక లేచి వెళ్ళిపోయేవి. నమ్మకపోతే మానెయ్యండి, నేను మాత్రం కథ ఆపను.

చాలా ఏళ్ళు ఎదురుచూశాక వాళ్ళకి కొడుకు పుట్టాడు. బారసాలకి బంధువులంతా వచ్చారు. బంగారు పళ్ళెంలో బియ్యం పోశారు. అందులో ఉంగరంతో పిల్లవాడి పేరు రాయాలి, మన ఇళ్ళల్లో రాసినట్టే. రాజుగారు రాణిగారిని ఒక్క మాటైనా అడగకుండా ఉంగరం తీసుకుని, తన తండ్రి పేరు, సింహదత్తుడు అని రాసేశాడు. రాణిగారి తండ్రి పోయి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. ఆయన పేరే పెట్టుకోవాలని ఆమె మనసులో అనుకుని ఉంది. ఆమె కూడా ఒక్క మాటైనా అనకుండా, అరచేత్తో బియ్యం చదును చేసి, హంసపాలుడు అని రాసింది.

పురోహితుడు దగ్గాడు. బంధువులు వంటశాల వైపు చూశారు. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. రాణిగారికి కడుపు మండింది. ఆ రోజు నుంచి ఇద్దరూ మాటలు మానేశారు. ఆయన తూర్పు మేడకి వెళ్ళిపోయాడు, ఆమె పడమటి మేడలో ఉండిపోయింది. మధ్యలో పొడుగాటి నడవా మిగిలింది.

మాటలు మానేస్తే సంసారం ఆగుతుందా? ఆగదు కదా. అందుకని మొదట్లో స్తంభాలతో మాట్లాడేవారు.

"ఓ స్తంభమా, పులుసు చల్లారిపోతోందని ఎవరికైనా చెప్పు," అనేది రాణి.

"ఓ స్తంభమా, చల్లారిన పులుసే నాకిష్టమని చెప్పు," అనేవాడు రాజు.

పిల్లవాడికి మాటలు వచ్చాక స్తంభాలకి సెలవు దొరికింది. "మీ నాన్నగారితో చెప్పు" అని తల్లి పంపేది. "మీ అమ్మతో చెప్పు" అని తండ్రి పంపేవాడు. ఆ చిట్టి కాళ్ళు పొద్దస్తమానం ఆ నడవాలో తూర్పుకీ పడమరకీ తిరిగేవి. తూర్పు మేడలో వాడి పేరు సింహదత్తుడు. పడమటి మేడలో హంసపాలుడు. ఒకచోట పిలిచే పేరుకి ఇంకోచోట పలికితే కోపాలు వచ్చేవి. చివరికి వాడు ఏ పేరుకీ పలకడం మానేశాడు. మనం మాత్రం రాకుమారుడు అని పిలుచుకుందాం, గొడవ ఉండదు.

ఒకసారి రాణిగారు, "ఆయన మొహం చూడలేక ఉత్సవానికి రావడం లేదని చెప్పు," అని పంపింది. ఆ మాట మోసుకుంటూ వస్తుంటే పిల్లవాడికి గుండె బరువెక్కింది. తండ్రి దగ్గరికి వెళ్ళి, "అమ్మకి తలనొప్పిట, రాలేదుట," అన్నాడు. రాజుగారు వెంటనే రాజవైద్యుణ్ణి పంపించాడు. "నాకెక్కడ తలనొప్పి?" అంది రాణిగారు. ఇంకేముంది, ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే, కొడుకుని అబద్ధాలకోరు అనడం.

మర్నాటి నుంచి వాడు ఏ మాటనీ మార్చలేదు. అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. తల్లి మీది కోపంతో తండ్రి చూపు ఎర్రబడేది, కానీ ఎదురుగా ఉన్నది వీడే కాబట్టి ఆ చూపు వీడి మీదే పడేది. అటువైపూ అంతే.

పదహారేళ్ళు వచ్చేసరికి రాకుమారుడు ఎవరి మాటా వినని మొండివాడయ్యాడు. ఏనుగుల గొలుసులు విప్పి సంతలోకి తోలాడు. కుమ్మరివాడలో ఆరబెట్టిన కుండల మీదుగా గుర్రాన్ని దౌడు తీయించాడు. అద్దాల మేడలో ఒక్క అద్దమూ మిగల్చలేదు. ఊరంతా వాడు చెడిపోయాడంది.

రాజుగారు బెత్తం పట్టుకునే గురువుని పిలిపించాడు. రాకుమారుడు ఆ బెత్తం విరిచేశాడు. రాణిగారు తాయెత్తు కట్టించింది. వాడు దాన్ని మేక మెడలో కట్టాడు. మంత్రిగారు గదిలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. వాడు కిటికీలోంచి దూకేశాడు. బెత్తమూ తాయెత్తూ తాళమూ అయిపోయాయి గానీ, నీకేమైంది నాయనా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒక సాయంత్రం రాకుమారుడు సముద్రపు ఒడ్డున ఒంటరిగా కూర్చున్నాడు. పొగమంచులోంచి తెల్ల తెరచాప వేసిన పడవ ఒకటి వచ్చింది. అందులో ఒక సన్నటి మనిషి ఉన్నాడు. వాడి పేరు మౌనభద్రుడు, ఏడు సముద్రాల అవతల దీవిలో ఉండే మాయావి. మాయావి అనగానే కోరలూ కొమ్ములూ అనుకుంటున్నారేమో, అవేమీ లేవు. మాట వెన్నలా ఉంటుంది.

"నా దీవికి వస్తావా? అక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరు. ఎవరికీ ఏమీ చెప్పమనరు," అన్నాడు.

పడవలోకి వాణ్ణి ఎవరూ లాగలేదు. వాడే ఎక్కాడు. కథలో నాకు కష్టంగా ఉండేది ఇక్కడే.

పడవ సాగింది. మొదటి సముద్రం మామూలు ఉప్పు సముద్రం. రెండోది పాలరంగులో ఉంది, అందులో చేపలు ఈదుతుంటే వెండి గజ్జెల చప్పుడు. మూడో సముద్రంలో అలలు లేవు, ఆకాశం కింద ఉందో పైన ఉందో తెలియలేదు. తర్వాతివి దాటుతున్నప్పుడు రాకుమారుడు నిద్రపోయాడు, కాబట్టి అవి ఎలా ఉంటాయో నాకూ తెలియదు. ఏడోది దాటాక మెలకువ వచ్చింది.

దీవి ఎంతో అందంగా ఉంది. చెట్లకి తెల్లటి పండ్లు. తింటే తియ్యగా ఉంటాయి, బాధ మరుపున పడుతుంది. ఎన్నో దేశాల పిల్లలు, పదిహేనేళ్ళవాళ్ళూ పద్దెనిమిదేళ్ళవాళ్ళూ, ఆ చెట్ల కింద పడుకుని మబ్బుల్ని చూస్తున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. రాకుమారుడికి ప్రాణం లేచొచ్చింది. వాడు కూడా పండ్లు తిని పడుకున్నాడు.

ఆ చెట్ల కింద ఒక అమ్మాయి మాత్రం తనలో తాను ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు గొణుగుతూ తిరిగేది. పేరు చెంగల్వ. పొరుగు దేశపు రాజుగారి కూతురు.

"ఏం గొణుగుతున్నావు?" అని రాకుమారుడు అడిగాడు.

"మాటలు. ఈ పండు తిన్నప్పుడల్లా ఒక మాట మర్చిపోతాం. తినకపోతే ఆకలి. అందుకని మిగిలినవి పోకుండా వల్లించుకుంటున్నాను. మా నాన్నా బాబాయీ పోట్లాడుకుని ఇంటి మధ్య గోడ కట్టేశారు. నన్ను గోడ మీద కూర్చోబెట్టి కబుర్లు పంపేవారు. అక్కడి నుంచి దూకి ఇక్కడికొచ్చాను. నీ పేరేమిటి?"

"రెండున్నాయి. అందుకని ఒక్కటీ లేదు."

చెంగల్వ నవ్వింది. ఆ దీవిలో నవ్వు వినిపించడం అదే మొదలు. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి మాటలు వల్లించుకునేవారు. చెట్టు, చెప్పు, చింతకాయ. అత్త, అటుకులు, అలక.

అలా వల్లిస్తుంటే ఒకనాటి మధ్యాహ్నం చెంగల్వ చటుక్కున ఆగిపోయింది. "నేను రోజూ అందులో నిద్రపోయేదాన్నే, నాలుగు గోడలూ పైకప్పూ ఉండేది, దాన్నేమంటారు?" అని అడిగింది.

"ఇల్లు," అన్నాడు రాకుమారుడు.

ఆమె ఆ మాటని రెండుసార్లు పలికి చూసి, తల అడ్డంగా ఊపింది. ఆ మాట ఆమెకి అంటుకోలేదు. అప్పుడు రాకుమారుడికి భయం వేసింది. తన కోసం కాదు, ఆమె కోసం. పిల్లలూ, వాడు ఇంకొకరి కోసం భయపడటం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి.

వాడు పరుగెత్తుకుంటూ ఒడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి తాబేలు ఎండకి వీపు కాచుకుంటోంది. ఆ దీవిలో దానికన్నా పాతది ఏదీ లేదు.

"తాబేలు తాతా, మాటలన్నీ పోయినవాళ్ళు ఏమైపోతారు?"

"అదిగో, ఆ పొగమంచు చూశావా? అదే అయిపోతారు," అంది తాబేలు.

"ఈ మౌనభద్రుడు చావడా?"

"వాడి ప్రాణం వాడిలో లేదు నాయనా. తాటిచెట్టు కొసన పంజరంలో ఒక చిలక ఉంది. ఇళ్ళల్లో అనుకోవాల్సిన మాటలు అనుకోకుండా మింగేస్తారే, అవన్నీ గాలికి కొట్టుకొచ్చి దాని నోట్లో పడతాయి. దాని కడుపు నిండినంత కాలం వీడికి చావు లేదు. ముసలితనం కూడా లేదు."

రాకుమారుడు రాయి పట్టుకుని తాటిచెట్టు ఎక్కాడు. చిలక గుమ్మడికాయంత ఉంది. రాయి ఎత్తాడు. చిలక నోరు తెరిచి రాణిగారి గొంతుతో మాట్లాడింది.

"అందరి ముందూ బియ్యం చెరిపి ఉండాల్సింది కాదు. ఆయన మొహం ఎలా పాలిపోయిందో నాకింకా గుర్తుంది."

రాకుమారుడు ఎత్తిన రాయి దించేశాడు. దిగిపోయాడు. మర్నాడు మళ్ళీ ఎక్కి రాయి ఎత్తాడు. ఈసారి చిలక రాజుగారి గొంతుతో అంది.

"మందారా, ఆ పళ్ళెం ముందు నిన్ను ఒక్క మాట అడగాల్సింది. నీ తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నావని కూడా నాకు తోచలేదు."

మళ్ళీ దిగిపోయాడు. మూడోనాడు ఎక్కాడు. ఈసారి చిలక గొంతులోంచి ఇద్దరి గొంతులూ కలిసి వచ్చాయి.

"పసివాడు. వాడిచేత మోయిస్తున్నాం."

రాకుమారుడు చెట్టు కొసన మట్టల మధ్య కూర్చుని, రాయి జారవిడిచి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ళూ వాళ్ళకి తను కనబడలేదనుకున్నాడు. కనబడ్డాడు. చూసి కూడా చెప్పలేకపోయారు. దానికి కోపం వచ్చింది, ఊరట కూడా కలిగింది. రెండూ ఒకేసారి వస్తే ఏడుపే వస్తుంది.

దిగివచ్చి తాబేలుతో అంతా చెప్పాడు. "చిలకని చంపితే ఆ మాటలు కూడా చచ్చిపోతాయి తాతా. నేను చంపను. ఆ మాటలు ఇంటికి పట్టుకెళ్ళి చెప్పేస్తాను."

"ఆ పొరపాటు మాత్రం చెయ్యకు," అంది తాబేలు. "నువ్వు మోసుకెళ్ళి చెబితే, ఆ మాట మళ్ళీ చిలక కడుపులోకే వస్తుంది. ఎవరి మాట వాళ్ళ నోటితోనే రావాలి. దాని కడుపులో మాటలన్నీ చిక్కుపడిన దారంలా ఉన్నాయి. ఒక్క కొస బయటపడితే చాలు, మిగతాదంతా ఊడి వస్తుంది. నీ పని వాళ్ళచేత చెప్పించడం. చెప్పడం కాదు."

రాకుమారుడు మౌనభద్రుడి దగ్గరికి వెళ్ళి, ఇంటికి పోతానన్నాడు. మాయావికి నవ్వొచ్చింది.

"పో. నేను ఎవరినీ ఆపను. వారం తిరక్కుండా నీ అంతట నువ్వే వస్తావు. అయితే ఇక్కడి నుంచి ఏదీ పట్టుకెళ్ళడానికి వీల్లేదు. చేతులు చూపించు."

చేతులు చూపించాడు. ఖాళీ.

"ఉత్తరీయం దులుపు."

దులిపాడు. ఇసుక రాలింది.

"నోరు తెరువు."

తెరిచాడు. నాలుక కింద కూడా చూశాడు మాయావి. ఏమీ లేదు. విన్న మాటని అక్షరం పొల్లుపోకుండా దాచుకోవడం ఈ కుర్రవాడికి చిన్నప్పటి నుంచీ అలవాటని వాడికేం తెలుసు? చెవుల్లో చూడాలని వాడికి తట్టనేలేదు.

రాకుమారుడు చెంగల్వ చెవిలో, "నేను వచ్చేదాకా నా కోసం ఒక్క మాట దాచుకో," అన్నాడు.

"ఏ మాట?"

"నీకిష్టమైనది."

తాబేలు వీపు మీద ఏడు సముద్రాలూ దాటాడు. వేళ్ళు నీళ్ళలో ఆడిస్తూ, అమ్మ మాటా నాన్న మాటా మనసులో వల్లించుకుంటూ, ఈసారి నిద్రపోలేదు.

రాజభవనంలోకి వెళ్ళి, తూర్పుకీ వెళ్ళలేదు, పడమరకీ వెళ్ళలేదు. నడవా మధ్యలో నేల మీద కూర్చున్నాడు. వాడు వచ్చాడని కబురు పాకింది. తూర్పు నుంచి రాజుగారు తలపాగా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. పడమటి నుంచి రాణిగారు జుట్టు ముడి వేసుకోకుండానే పరుగెత్తుకొచ్చింది. మధ్యలో ఒకరినొకరు చూసుకుని, కొడుక్కి చెరో పక్కా ఆగిపోయారు. చెయ్యి చాపితే అందేంత దూరం.

రాజుగారు గొంతు సవరించుకున్నాడు. "మీ అమ్మతో చెప్పు, నువ్వు వచ్చావని."

రాకుమారుడు కదల్లేదు.

రాణిగారు కళ్ళు తుడుచుకుంటూ, "మీ నాన్నగారితో చెప్పు, నాకు కళ్ళున్నాయని," అంది.

రాకుమారుడు కదల్లేదు. వాళ్ళిద్దరి మాటలూ వాడి నాలుక చివర్న ఉన్నాయి. నోరు విప్పితే రాలిపోతాయి. పళ్ళు బిగించాడు. చెమట పట్టింది. ఆ క్షణాన దూలం మీద రెక్కల చప్పుడైంది. మాయావి అనుమానం వచ్చి, పంజరం తెరిచి పంపిన చిలక అది.

"మహారాజా, ఎందుకీ అవస్థ? మీ మాట నాకివ్వండి. తీపి పూసి రాణిగారికి చేరుస్తాను," అంది చిలక తియ్యగా.

రాజుగారు ఆశగా తల ఎత్తాడు. అప్పుడు రాకుమారుడు లేచి నిలబడ్డాడు.

"నాన్నగారూ, అమ్మా. మీరు చెప్పుకోవాల్సిన మాటలు నాకు తెలుసు. కానీ నేను చెప్పను. ఇంక ఎప్పుడూ చెప్పను. మోసి మోసి అలిసిపోయాను. మీ మీద కోపం వచ్చి కుండలు పగలగొట్టాను, అద్దాలు పగలగొట్టాను, ఆఖరికి ఇల్లు వదిలేసి పోయాను. నేను మీ కొడుకుని. చిలకని కాను."

రాజుగారు అలవాటు కొద్దీ స్తంభం వైపు తిరిగాడు. "ఓ స్తంభమా..." అని ఆగిపోయాడు. సిగ్గుపడ్డాడు. మెల్లగా రాణిగారి వైపు తిరిగాడు.

"మందారా," అన్నాడు. "నువ్వు... చిక్కిపోయావు."

చిలక దగ్గింది. ఒక ఈక రాలింది.

"మీకేం, మీరు మాత్రం బాగున్నారా?" అంది రాణిగారు.

తర్వాత మాటలు వచ్చాయి. చిలక చెప్పినంత చక్కగా రాలేదు. తడబడుతూ, మధ్యలో పాత కోపం అడ్డం పడుతూ, "అడగాల్సింది" అని ఆయన, "అడిగితే నేనే మీ తండ్రి పేరు పెట్టమనేదాన్నేమో, ఎవరికి తెలుసు" అని ఆమె, అలా వచ్చాయి. బియ్యం చెరిపిన సంగతి దగ్గర రాణిగారు బావురుమంది. ఒక్కో మాటకీ చిలక ఒక్కో ఈక రాల్చుకుంటూ చిక్కిపోయింది.

చివరికి రాజుగారు కొడుకు భుజాల మీద చేతులు వేశాడు. "మా బరువు నీ మీద పెట్టాం. తప్పు మాది, హంసపాలా," అన్నాడు.

రాణిగారు వాడి తల నిమిరింది. "మమ్మల్ని క్షమించు నాయనా, సింహదత్తా."

ఎవరు ఏ పేరుతో పిలిచారో వాళ్ళకే తెలియలేదు. రాకుమారుడు రెండింటికీ పలికాడు.

ఆ వేళకి ఏడు సముద్రాల అవతల మౌనభద్రుడి జుట్టు నెరిసింది, నడుం వంగింది, ఒళ్ళంతా పొగమంచై గాలికి కొట్టుకుపోయింది. దీవి మీది పొగమంచులోంచి పిల్లలు ఒక్కొక్కరే లేచి వచ్చి, మా ఊరు ఎటు అని అడగడం మొదలుపెట్టారు. చిలక మామూలు చిలక అయి, తోటలోకి ఎగిరిపోయి జామకాయ కొరికింది.

చెంగల్వ తాబేలు వీపు మీద వచ్చి దిగింది. "ఏ మాట దాచుకున్నావు?" అని అడిగాడు రాకుమారుడు. ఆమె వాడి చెవిలో చెప్పింది. నాకు వినబడలేదు. అందరి ముందూ చెప్పే మాటైతే చెవిలో ఎందుకు చెబుతుంది?

రాకుమారుడు ఒక్క రోజులో బుద్ధిమంతుడైపోయాడని చెప్పను. అప్పుడప్పుడు కోపం వచ్చేది. వస్తే, "కోపం వచ్చింది" అని చెప్పేవాడు. కుమ్మరివాడకి వెళ్ళి, చాలా కాలం మట్టి తొక్కి, పగలగొట్టినన్ని కుండలకి మట్టి సిద్ధం చేసి ఇచ్చాడు. తర్వాత చెంగల్వని వెంటబెట్టుకుని ఆమె ఊరు వెళ్ళాడు. అక్కడ గోడకి అటొకరు ఇటొకరుగా నిలబడ్డ అన్నదమ్ములకి చెంగల్వే చెప్పింది, నేను ఇంక గోడ ఎక్కను అని. గోడ కూలడానికి ఏడాది పట్టింది. కూలాక రాకుమారుడికీ చెంగల్వకీ పెళ్ళి కుదిరింది.

పెళ్ళినాటి మధ్యాహ్నం నడవాలోంచి పెద్ద కేకలు వినిపించాయి. విడిదికి ఏనుగులు పంపాలని రాజుగారు, పల్లకీలు పంపాలని రాణిగారు, ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటున్నారు. "మీకేం తెలుసు?" అని ఆమె. "నీకొక్కదానికే తెలుసు," అని ఆయన. మంత్రిగారు కంగారుపడి రాకుమారుడి గదికి పరుగెత్తాడు.

"బాబూ, మళ్ళీ గొడవ మొదలైంది. మీరు వెళ్ళి ఏదైనా చెప్పండి."

"ఒకరితో ఒకరే అంటున్నారా?"

"ఒకరితో ఒకరే అంటున్నారు."

"అయితే ఏం పరవాలేదు," అని రాకుమారుడు పక్కకి తిరిగి, ఆ కేకలు వింటూనే హాయిగా కునుకు తీశాడు.

ఆ పెళ్ళి నీలికోన వాళ్ళు మబ్బులతో సహా చూశారు. తర్వాత రాకుమారుడూ చెంగల్వా చాలా ఏళ్ళు రాజ్యం ఏలారు. పోట్లాటలు వాళ్ళకీ వచ్చాయి, రాకుండా ఎలా ఉంటాయి? కానీ ఆ ఇంట్లో పిల్లలు నడవా ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తారంటే, అది ఆటలో పరుగే.